మా మండలి బ్యాటు కొన్న వైనం

టేబుల్ టెన్నిస్‌లో ఓడిపోయినవాడు తన బ్యాటు వైపు అనుమానంగా చూడటం మామూలే. నేను ఆట మొదలవకముందే చూస్తాను. బంతి వలకు తగిలినా, బల్ల దాటి కిటికీలోంచి పోయినా, అసలు బ్యాటుకే తగలకుండా వెనక గోడ దగ్గర దొరికినా, బ్యాటును అటూ ఇటూ తిప్పి, రబ్బరు మీద బొటనవేలితో ఓసారి రాసి, పెదవి విరుస్తాను. చూసేవాళ్ళకు సంగతి అర్థమైపోతుంది. మనిషి మంచి ఆటగాడే పాపం, పనిముట్టు కలిసి రావడం లేదు అనుకుంటారు. ఏలూరులో ఈ అభిప్రాయాన్ని నేను చాలా ఏళ్ళుగా శ్రద్ధగా పెంచుకుంటూ వచ్చాను.

నేను పనిచేసేది గోనె సంచుల ప్రమాణాల మండలిలో. ధాన్యం సంచి ఎంత బరువుకు తట్టుకుంటుంది, హమాలీ కొక్కెం వేస్తే ఎంత మేర చిరుగుతుంది, వానలో తడిస్తే ఎంత నీరు పీలుస్తుంది, ఇవన్నీ తేల్చి ముద్ర వేసి పంపడం మా పని. నా పేరు చక్రపాణి, సూపరింటెండెంటుని. ఆఫీసు వెనక వరండా చివర ఒక గది ఉంది. అందులో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల, రెండు పాత బ్యాట్లు, గాలి తక్కువా చప్పుడు ఎక్కువా ఉన్న ఒక ఫ్యానూ ఉండేవి. మధ్యాహ్నం భోజనాల వేళ నేనూ, అకౌంట్సు సెక్షన్లో పనిచేసే హైమవతి గారూ అక్కడ ఆడుకునేవాళ్ళం. ఆడుకునేవాళ్ళం అంటే ఆవిడ ఆడేది, నేను బంతులు ఏరుకొచ్చేవాణ్ణి.

హైమవతి గారికి ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు, చొక్కా ఎక్కడుందో ఎప్పటికీ తెలియని భర్త. ఆఫీసులో ఆవిడ సీటు ముందు బిల్లులు పట్టుకుని ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని ఆ గదిలోకి వస్తే మాత్రం మొహం మారిపోయేది. "ఈ గదిలో ఉన్నంతసేపూ నన్నెవరూ ఏదీ అడగరండి. బంతొస్తాది, కొడితే పోద్ది. అంతే" అని ఒకసారి అంది. నేను అప్పుడు బ్యాటు తిప్పి చూసుకుంటున్నాను కాబట్టి సరిగా వినలేదు.

ఏటా జిల్లా కార్యాలయాల క్రీడోత్సవం జరుగుతుంది. అందులో మిక్స్‌డ్ డబుల్స్‌కి మా ఇద్దరి పేర్లే వెళ్తాయి. వేరే పేర్లు లేవు. డబుల్స్‌లో ఒక దెబ్బ ఒకరు కొడితే తర్వాతి దెబ్బ రెండోవాళ్ళు కొట్టాలి. అందువల్ల ఆవిడ నిలబెట్టిన ఆటను నేను వెంటనే పడగొట్టే వీలు ఆ నిబంధనలోనే ఉంది. ఏటా మొదటి రౌండులోనే, ఏటా తాటి ఉత్పత్తుల సంస్థ చేతిలోనే ఓడిపోయేవాళ్ళం. ఏటా నేను బ్యాటు వైపు చూసేవాణ్ణి.

ఈసారి మా కార్యదర్శి సర్వోత్తమరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన మామూలుగా కూడా నోటు చదివినట్టే మాట్లాడతారు. ఇంట్లో కాఫీ అడగాలన్నా అలాగే అడుగుతారని విన్నాను. సదరు గదిలో కొన్నేళ్ళుగా ఆట జరుగుతున్నప్పటికీ మండలికి ఎట్టి ఫలితమూ చేకూరనట్టు గమనించడమైనదని, ఈ ఏడాది కనీసం ఒక్క ఆటైనా గెలవని పక్షంలో ఆ గదిని నమూనా సంచుల గోడౌనుగా మార్చడం జరుగుతుందని చెప్పారు. నాకు గది పోతుందన్న బాధ కొంత. ఓటమికి కారణం చెప్పమంటారేమోనన్న భయం మిగతాది.

కారణం చెప్పమనే అన్నారు. బ్యాటండీ, అన్నాను.

ఒకసారి మొదలుపెట్టాక ఇక ఆగలేదు. మావి వట్టి చెక్క బ్యాట్లనీ, ఇప్పుడు అందరూ కాంపోజిట్ వాడుతున్నారనీ చెప్పాను. బ్యాటులో చెక్క భాగాన్ని బ్లేడంటారనీ, పలచటి చెక్క పొరల మధ్య కార్బన్ దారాలతో నేసిన గుడ్డ పెట్టి అతికిస్తారనీ, దానికి తగ్గ రబ్బరు షీట్లు రెండు వైపులా వేయించుకుంటే బంతి తూటాలా పోతుందనీ, ఖరీదైనవి మనకొద్దుగానీ మధ్యతరగతివాడికి అందే రకాలూ ఉన్నాయనీ వివరించాను. ఇదంతా ఫోనులో చదివిన విజ్ఞానం. బ్యాట్ల గురించి చదివినంతసేపు ఆడి ఉంటే ఆట వచ్చేదని మా ఆవిడ అంటూ ఉంటుంది.

సర్వోత్తమరావు గారు ఒక్క మాట దగ్గర ఆగారు. "నేసిన గుడ్డ అన్నారు కదూ?"

అవునన్నాను.

"నేసినదైతే మన పరిధిలోకి వస్తుంది" అన్నారాయన. నేసిన ప్రతి వస్తువు నాణ్యతకూ మండలిదే బాధ్యత. కాబట్టి దుకాణానికి వెళ్ళి బ్యాటు కొనుక్కొచ్చే పద్ధతి కుదరదు. ఎంపిక చేయాలి. ఆ సాయంత్రానికల్లా బ్యాటు ఎంపిక ఉపసంఘం ఏర్పాటైంది. సభ్యులుగా అకౌంట్సు అధికారిణి కనకవల్లి గారు, పరీక్షశాల అధికారి తిరువేంగళాచారి గారు. కన్వీనరు నేను. జీవితంలో మొదటిసారి నా పేరు పక్కన క్రీడలకు సంబంధించిన ఒక పదవి కనబడింది. ఆ ఉత్తర్వును ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, కందిపప్పు తెచ్చారా అని అడిగింది.

మొదటి సమావేశానికి పవరుపేటలో ఆటసామాన్ల దుకాణం నడిపే మస్తాన్ మూడు బ్లేడ్లు పట్టుకొచ్చాడు. మూడూ దాదాపు ఒకటే ధర. ఒకదాంట్లో కార్బన్ గుడ్డ లోపల, నడిమి చెక్కను ఆనుకుని ఉంటుంది. అది కాస్త మెత్తన, బంతి చెప్పినమాట వింటుంది. ఇంకోదాంట్లో గుడ్డ పైపొర కిందే ఉంటుంది. బంతి తగలడం తరువాయి, వెళ్ళిపోతుంది. మూడోది ఈ రెంటికీ మధ్య. అట్టపెట్టెల మీద కంపెనీవాళ్ళు వేగానికి ఇన్ని మార్కులు, అదుపుకు ఇన్ని మార్కులు అని అచ్చువేశారు. నాలాంటి వాడు మొదటిది తీసుకోవాలని ఫోనులో అందరూ రాశారు. నేనూ దాని మీదే చెయ్యి వేశాను.

కనకవల్లి గారు కళ్ళజోడు సర్దుకుని మూడు పెట్టెలూ చదివారు. ఒకే ధరకు ఎక్కువ వేగం దొరుకుతుండగా తక్కువ వేగం ఎందుకు కొన్నారని ఆడిట్ వారు అడిగితే సమాధానం ఏమిటని అడిగారు. అదుపు ఎక్కువ కదండీ అన్నాను. అదుపు అనేది మనిషిలో ఉండాల్సిన లక్షణమనీ, దానికి ప్రజాధనం వెచ్చించడం సమంజసం కాదనీ ఆవిడ అభిప్రాయపడ్డారు. ఆచారి గారు కూడా తలూపారు. సంచుల విషయంలోనూ ఒకే ధరకు ఎక్కువ బరువు మోసేదాన్నే ఎంచుతామన్నారు.

"అయితే ఈ వేగాన్ని మీరు తట్టుకోగలరా చక్రపాణి గారూ?" అని కనకవల్లి గారు సూటిగా అడిగారు.

ఆ ప్రశ్నకు నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. మస్తాన్ ఎదురుగా ఉన్నాడు, ఆచారి గారు ఉన్నారు, కన్వీనరు కుర్చీలో నేనున్నాను. వేగమే నా ఆటండీ, అన్నాను. మినిట్స్‌లో అలాగే ఎక్కింది.

రబ్బర్ల దగ్గరా ఇదే జరిగింది. రబ్బరు కింద స్పాంజి పలచగా ఉంటే బంతి నెమ్మదిస్తుంది, మందంగా ఉంటే ఎగురుతుంది. వేగం ఎక్కువున్న బ్లేడుకు ఒకవైపైనా పలచటి స్పాంజి వేసి జోడు కుదర్చాలి. పలచనిదీ మందమైనదీ ఒకే ధర అని తెలిశాక కనకవల్లి గారు ఇక రెండో మాట వింటేగా. ఒకే ధరకు తక్కువ సరుకు తీసుకుంటే మిగతా సరుకు ఎవరు తిన్నారంటారు, అన్నారు. రెండు వైపులా అన్నింటికన్నా మందమైన స్పాంజి ఖాయమైంది. ఒకటి ఎరుపూ ఒకటి నలుపూ ఎందుకని కూడా అడిగారు. అది ఆట నిబంధన అని చెప్తే, సాంకేతిక కారణాలవల్ల అని రాసుకుని వదిలేశారు. ఆ విధంగా, ప్రపంచంలో బాగా ఆడేవాళ్ళు కూడా జంకే జోడింపును గోనె సంచుల వాళ్ళం ముగ్గురం ఏకగ్రీవంగా ఎంపిక చేశాం. చౌకగా వచ్చిందని సర్వోత్తమరావు గారు మెచ్చుకున్నారు.

మస్తాన్ రబ్బర్లు అతికించి బ్యాటు తెచ్చిన రోజు నాకు పండగే. పిడి చేతిలో ఇమిడిపోయింది. చెక్క అంచున కార్బన్ పొర సన్నటి నల్లగీతలా కనబడుతోంది. స్టాకులోకి ఎక్కించడానికి ముందు ఒక్కసారి ఆడిచూద్దామని హైమవతి గారిని పిలిచాను. ఆవిడ సర్వీసు వేసింది. నేను బ్యాటు ఆనించానంతే. బంతి ఆవిడ తలమీదుగా పోయి ఫ్యానుకు తగిలి తిరిగి నా వీపు మీద పడింది.

కొత్తది కదండీ, అన్నాను. రెండోది కిటికీలోంచి సైకిల్ స్టాండులోకి పోయింది. మూడోదాన్ని మెల్లగా కొడదామని చెయ్యి అసలు కదపకుండా నిలబడ్డాను. అదీ బల్ల దాటింది. ఓ పావుగంట ఆడాక ఒక్క బంతి అవతలి వైపు బల్ల మీద పడింది. అది నేను తుమ్మినప్పుడు కొట్టింది.

హైమవతి గారు బంతిని బల్ల మీద పెట్టేసింది. "పాత దాంతోనే ఆడదామండీ. దీంతో అయితే మనం ఒక్క పాయింటన్నా లాగలేం. గది పోద్ది" అంది. నేను బ్యాటు తిప్పి చూశాను. రబ్బరు మీద వేలితో రాశాను. పెదవి విరవబోయి ఆగిపోయాను. ఇక విరవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నాకు రావాల్సిన ఆట ఈ బ్యాటులో ఉందని ఊరంతా చెప్పుకున్నాను. బ్యాటు వచ్చేసింది. ఆట రాలేదు.

ఇప్పుడు కార్యదర్శి గారి దగ్గరకు వెళ్ళి ఈ బ్యాటు నాకు ఎక్కువండీ, పాతదాంతోనే ఆడతాం అని చెప్పేస్తే సరిపోతుంది. ఆయన గది దాకా వెళ్ళాను కూడా. గుమ్మం దగ్గర నా కాళ్ళు వాటంతటవే నా సీటు వైపు తిరిగాయి. సీట్లో కూర్చోగానే నాకు నమూనా నిబంధన గుర్తొచ్చింది.

మండలికి వచ్చే ప్రతి సరుకులోంచీ కనీసం ఒకదాన్ని నమూనాగా తీసి, అది పాడైపోయేదాకా పరీక్షించి, నమూనా బాగున్నట్టు తేలాకే మిగతా సరుకును వాడకానికి విడుదల చేయాలి. ఇదీ ఆ నిబంధన. వేల సంచులు వచ్చే చోట ఒక సంచి చింపితే నష్టం లేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు దాని ముసాయిదా రాసింది నేనే. ఆ భాష బాగుందని అప్పటి పెద్దలు మెచ్చుకున్నారు కూడా. సదరు బ్యాటుకు నమూనా పరీక్ష జరగలేదన్న విషయం ఏలినవారి దృష్టికి తేవడమైనది అంటూ నోటు పెట్టాను.

సర్వోత్తమరావు గారు నోటు రెండుసార్లు చదివి నన్ను పిలిచారు. సరుకు మొత్తం ఒక్కటే కదా అన్నారు. నిబంధనలో కనీసం ఒకటి అని ఉంది గానీ, సరుకు కనీసం ఇంత ఉండాలని ఎక్కడా లేదండీ అన్నాను. ఆయన కలం తీశారు. "నిబంధన రాసినవారు ఆలోచించకుండా రాసి ఉండరు" అని సంతకం పెట్టారు. రాసినవాడు ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

పరీక్ష మర్నాడు జరిగింది. ఇంతవరకూ తన యంత్రాలకు గోనె తప్ప మరొకటి రుచి చూపించలేదని ఆచారి గారు మహా ఉత్సాహంగా ఉన్నారు. ముందు బ్యాటును తొట్టిలో నానబెట్టి నీరు ఎంత పీల్చిందో తూచారు. తర్వాత కొక్కెం పరీక్ష. ఎర్ర రబ్బరు మీద హమాలీ కొక్కెం దిగింది. తర్వాత డాబా మీంచి కిందకు పడేశారు. చివరికి లాగుడు యంత్రానికి పిడి ఒకవైపు, తల ఒకవైపు బిగించి మీట తిప్పారు. చెక్క విరిగిన చప్పుడుకు వరండాలో పావురాలు లేచాయి. విరిగినా కార్బన్ గుడ్డ చాలాసేపు తెగలేదు. రెండు ముక్కల్నీ పట్టుకుని వేలాడింది. దాన్ని చూస్తూ నేను పైకి విచారంగా నిలబడ్డాను. లోపల మాత్రం హాయిగా ఉంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా హాయిగా ఉంది.

నివేదిక ఆ సాయంత్రం వచ్చింది. చిరుగుదల అత్యల్పం, నీరు పీల్చుట స్వల్పం, ధాన్యం నిల్వ సామర్థ్యం లేదు, మొత్తం మీద మిక్కిలి తృప్తికరం, మిగిలిన సరుకును వాడకానికి విడుదల చేయవచ్చు. మిగిలిన సరుకు లేదన్న విషయం ఎవరూ ఎత్తలేదు. బ్యాటు పోయిందని నేను చెప్తే హైమవతి గారు నా మొహంలోకి చూసింది. రేపటినుంచి భోజనం తగ్గించుకుని ఇంకాస్త ఎక్కువసేపు ఆడదాం అంది.

క్రీడోత్సవంలో పాత బ్యాట్లతోనే ఆడాం. ఎదురుగా మళ్ళీ తాటి ఉత్పత్తుల సంస్థ. ఆ రోజు నా మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. ఓడినా, ఉన్న మంచి బ్యాటును నిబంధన మింగేసింది కదా అని లోకమే నా మీద జాలిపడుతుంది. భయం లేకపోవడంతో నేను ఏ బంతినీ గట్టిగా కొట్టలేదు. వచ్చినదాన్ని అవతలికి తోశాను, అంతే. నేను చెడగొట్టకపోతే చాలు, హైమవతి గారు గెలిపిస్తుందని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆఖరి బంతి మాత్రం నాదే. అది బల్ల అంచుకు తగిలి, ఎదుటివాళ్ళకు అందకుండా పక్కకు జారింది. మండలి చరిత్రలో మొదటి గెలుపు. ఆవిడ బ్యాటు రెండు చేతులతో పట్టుకుని గుండెకు ఆనించుకుంది. గది మిగిలిందండీ, అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి.

బహుమతుల సభలో సర్వోత్తమరావు గారు మైకు అందుకున్నారు. క్రీడోత్సవంలో పాల్గొన్న కార్యాలయాలన్నిటిలోనూ ధ్రువీకృత బ్యాటు కలిగినది మా మండలి ఒక్కటేనని, నేటి విజయానికి అదే మూలకారణమని చెప్పారు. ధ్రువీకృత బ్యాటు ఎక్కడుందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. వేదిక మీదున్న క్రీడల సమన్వయ అధికారికి ఆ మాట ఎంతో నచ్చింది. ఆటసామాన్ల నాణ్యత పట్ల ఇంతటి శ్రద్ధను తన సర్వీసులో చూడలేదని, ఇక మీదట జిల్లాలో ఏ కార్యాలయం బ్యాటు కొన్నా ముందు సదరు మండలివారి పరీక్షకు పంపి తీరాలని అక్కడికక్కడే ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. కన్వీనరుగా నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. శాలువా కప్పారు.

ఆ మరుసటి వారం నుంచే బ్యాట్లు రావడం మొదలైంది. ఒక్కో కార్యాలయం ఒక్కో బస్తా పంపింది. కొందరు ముందుజాగ్రత్తగా పాతవి కూడా పంపారు. బస్తాలన్నీ మా ముద్ర ఉన్నవే. పరీక్షశాలలో జాగా చాలలేదు. వరండాలో పెడితే కుక్కలు రబ్బరు కొరుకుతున్నాయి. తాళం పడే గది కావాలని ఆచారి గారు నోటు పెట్టారు. ఆఫీసులో తాళం పడే ఖాళీ గది ఒక్కటే ఉంది. బ్యాట్ల భద్రత దృష్ట్యా టేబుల్ టెన్నిస్ బల్లను మడిచి డాబా మీదకు చేర్చడమైనదని వచ్చిన ఉత్తర్వులో కన్వీనరు హోదాలో నా సంతకమూ ఉంది.

ఆ మధ్యాహ్నం హైమవతి గారు డబ్బా కడుక్కుని వరండా చివరకు వచ్చింది. గది తలుపు తీసే ఉంది. పైకప్పు దాకా బస్తాలు. విరగడానికి ఎదురుచూస్తున్న వందల బ్యాట్లు. నేను తాళంకప్ప పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి చాలాసేపు లోపలికి చూసింది.

"ఆ రోజు పెద్దాయన దగ్గర నాకాట రాదండీ అని ఒక్క మాటనేస్తే పోయేది కదండీ" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

సమర్థించుకోవడానికి ఎన్నో వాక్యాలు నాలిక చివరి దాకా వచ్చాయి. జీవితమంతా అవే రాసినవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకాట రాదండీ" అన్నాను.

"తెలుసండీ" అంది ఆవిడ. ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని తన సీటు వైపు నడిచింది. అక్కడ అప్పటికే ఇద్దరు బిల్లులు పట్టుకుని నిలబడి ఉన్నారు.